డీమన్

లినక్స్ సర్వర్‌ను ఆన్ చేసి వదిలేయండి. ఎవరూ లాగిన్ కాకపోయినా ఎస్‌ఎస్‌హెచ్‌డీ, క్రాన్‌డీ లాంటి ప్రోగ్రాములు తెర వెనుక పని మొదలుపెట్టేస్తాయి. ఆ చివరి ‘డీ’యే డీమన్. దెయ్యం అనుకునేరు! గ్రీకుల ‘డైమోన్’ మనుషులకూ దేవతలకూ నడుమ తిరిగే శక్తి. కంప్యూటర్లకు ఈ మాటను 1963లో ఎంఐటీలో ఫెర్నాండో కోర్బాటో బృందం తెచ్చింది. వేగాన్ని బట్టి గాలి అణువుల్ని అలుపు లేకుండా వేరుచేసే, భౌతిక శాస్త్రవేత్త మాక్స్‌వెల్ ఊహాజీవి ‘డీమన్’ వాళ్లకు స్ఫూర్తి. ఫైళ్లను తనంతట తానే టేపులకెక్కించే ప్రోగ్రామ్ తొలి డీమన్లలో ఒకటి. ఇంత చక్కగా అతికిన పేరు ఈ రంగంలో అరుదు. ఇప్పుడు చాలా లినక్స్‌లలో డీమన్లను లేపేది 2010లో వచ్చిన సిస్టమ్‌డీ. మన ప్రోగ్రామ్‌కు చిన్న సర్వీస్ ఫైలు రాసి ‘సిస్టమ్‌సీటీఎల్ ఎనేబుల్’ కొడితే, తర్వాతి బూట్ నుంచి అదీ ఆ వరుసలో చేరుతుంది.