వ్యవసాయ విమానాలు: గాలి పరిమితులు, నడిపే తీరు

పంటల మీద మందు, ఎరువు, విత్తనం చల్లేందుకు వాడే చిన్న విమానాలు, హెలికాప్టర్లు, డ్రోన్లను కలిపి వ్యవసాయ విమానాలంటారు. ఇవి పైరును దాదాపు తాకేంత కిందుగా ఎగురుతాయి. మోసే బరువు నిమిష నిమిషానికీ తగ్గిపోతుంటుంది. మామూలు విమానానికి గాలి ప్రయాణంలో ఒక అడ్డంకి మాత్రమే. వీటికి మాత్రం పని సాగడమూ ఆగడమూ గాలి మీదే ఆధారపడి ఉంటుంది. విమానం తట్టుకునే గాలి వేరు, అది చల్లే మందు తట్టుకునే గాలి వేరు. రెండోది ఎప్పుడూ తక్కువే. ఈ రంగంలో శాస్త్రం, చట్టం, ప్రమాదాలు అన్నీ ఈ తేడా చుట్టూనే తిరిగాయి.

తొలి చరిత్ర

అడవి పురుగులను ఆకాశం నుంచి చంపవచ్చన్న ఆలోచనకు జర్మన్ అటవీ అధికారి ఆల్ఫ్రెడ్ జిమ్మర్‌మన్ 1911లో పేటెంటు పొందాడు. అది ఆచరణలోకి వచ్చింది 1921 ఆగస్టు 3న, అమెరికాలోని ఒహాయో రాష్ట్రం ట్రాయ్ పట్టణం దగ్గర. సైనిక పైలట్ జాన్ మెక్రెడీ ఒక కర్టిస్ జెన్నీ విమానంలో లెడ్ ఆర్సెనేట్ పొడిని కటాల్పా చెట్ల తోట మీద చల్లాడు. ఆయన తోట నడిమీదుగా ఎగరలేదు. గాలి వచ్చే వైపున, తోట పక్కగా ఎగిరి పొడి వదిలాడు. గాలే దాన్ని చెట్లలోకి మోసుకుపోయింది. ఆ రోజు గాలి పనిముట్టయింది. తర్వాతి కాలంలో అదే పెద్ద సమస్యగా మారింది.

మందు చల్లడం కోసమే రూపొందిన తొలి విమానాల్లో ఏజీ-1 ఒకటి. టెక్సాస్‌లో ఫ్రెడ్ వైక్ దీన్ని తయారుచేశాడు. 1950లో ఎగిరింది. పైలట్‌ను మందుతొట్టి వెనక ఎత్తుగా కూర్చోబెట్టడం, ముందుభాగాన్ని కిందికి వాల్చి చూపు బాగా ఆనేలా చేయడం దాని ప్రత్యేకతలు. 1959లో వచ్చిన పైపర్ పానీ కూడా ఇదే బాటలో నడిచింది. భారతదేశంలో హిందుస్థాన్ ఏరోనాటిక్స్ సంస్థ బెంగళూరులో ‘హెచ్‌ఏ-31 బసంత్’ను రూపొందించింది. దాని మెరుగుపరిచిన నమూనా 1972లో ఎగిరింది. 1974 నుంచి కేంద్ర వ్యవసాయ శాఖకు అందింది. 1980లో తయారీ ఆగిపోయేనాటికి మొత్తం 39 తయారయ్యాయి.

చినుకు లెక్క

గాలి పరిమితి ఎందుకో తెలియాలంటే చినుకు పరిమాణం చూడాలి. మూడు మీటర్ల ఎత్తు నుంచి మందు వదిలినప్పుడు, గంటకు 5 కిలోమీటర్ల మంద గాలి వీస్తోందనుకుందాం. 400 మైక్రాన్ల చినుకు రెండు సెకన్లలోపే నేలకు చేరుతుంది. గాలివాటుకు రెండున్నర మీటర్లకు మించి పోదు. 100 మైక్రాన్ల చినుకుకు పదకొండు సెకన్లు పడుతుంది. ఈలోగా 15 మీటర్లు పక్కకు వెళ్తుంది. 20 మైక్రాన్ల తుంపర నాలుగు నిమిషాలకు పైగా తేలుతూ 350 మీటర్ల దూరం పోగలదు. దారిలో నీరు ఆవిరైతే అది ఇంకా చిన్నదై, ఇంకా దూరం పోతుంది. 30 డిగ్రీల వేడి, 50 శాతం తేమ ఉన్న గాలిలో 100 మైక్రాన్ల నీటి చినుకు ఆయుష్షు పదిహేను సెకన్ల చిల్లరే.

అందుకే గంటకు 5 నుంచి 16 కిలోమీటర్ల మధ్య, దిక్కు మారకుండా వీచే గాలి పిచికారీకి అనువైనదని చాలా దేశాల్లో లెక్క. ఇందులో కింది హద్దు కూడా ముఖ్యమే. గాలి ఆడకపోతే మంచిదే కదా అనిపిస్తుంది. కానీ చలికాలం తెల్లవారుజామున నేల చల్లబడి, దాని మీద వెచ్చని గాలి మూతలా పరుచుకుంటుంది. తుంపర పైకి పోలేదు, కిందికి దిగదు. పొరలా తేలుతూ ఊరి వైపు పారుతుంది. పొలం గట్టున పచ్చి ఆకులు తగలబెట్టి చూస్తే ఈ సంగతి తెలిసిపోతుంది. పొగ నిటారుగా పైకి లేస్తే ఫరవాలేదు. కొంత ఎత్తు లేచి అడ్డంగా పరుచుకుంటే ఆ పూట మందు కొట్టకూడదు.

రెక్కల విమానాల పోకడలు

రెక్కల కొసల దగ్గర గాలి సుడులు తిరుగుతుంది. అక్కడ నాజిళ్లు పెడితే మందు పైకి లేచిపోతుంది. అందువల్ల మందు గొట్టాన్ని రెక్కల వెడల్పులో సుమారు మూడొంతుల దగ్గరే ఆపేస్తారు. పంకా వెనక్కి నెట్టే గాలి మెలి తిరిగి, విమానం పొట్ట కింది చినుకులను ఒక పక్క నుంచి మరో పక్కకు తోసేస్తుంది. దాన్ని సరిచేయడానికి రెండు వైపులా నాజిళ్లను ఒకే తీరుగా అమర్చరు. గాలి వీచే దిశ వెంట కాక, గాలికి అడ్డంగా చాళ్లు వేస్తూ గాలివాటు కొస నుంచి మొదలుపెట్టి ఎదురుగాలి వైపు జరుగుతూ పోతారు. అలా అయితే పైలట్ తాను వదిలిన మందులోంచే మళ్లీ దూరాల్సిన పని ఉండదు. తోకచక్రం ఉన్న విమానాలు దిగేటప్పుడు అడ్డగాలికి గిర్రున తిరిగిపోయే గుణం చూపుతాయి. ఎండాకాలపు పలచని గాలిలో నిండు తొట్టితో లేవడం కష్టం. ప్రమాదం ఎదురైతే తొట్టిని ఒక్కసారిగా ఖాళీ చేసే మీట అందుకే ఉంటుంది.

డ్రోన్ల పోకడలు

జపాన్‌లో యమహా ఆర్-50 మానవరహిత హెలికాప్టర్ 1987లో వరి పొలాల్లోకి వచ్చింది. ఇప్పుడు మన పొలాల్లో కనిపించేవి ఎక్కువగా పది లీటర్ల తొట్టి ఉన్న డ్రోన్లు. పైరుకు రెండు మూడు మీటర్ల ఎత్తులో ఎగురుతాయి. రెక్కలు కిందికి తోసే గాలి మందును ఆకుల లోపలికి దింపుతుంది. వేగం పెంచితే ఆ గాలి వెనకబడి, మందు పైపైనే తేలిపోతుంది. మరీ కిందికి దిగితే ఈనిన వరి పడిపోయే ప్రమాదం ఉంది. తొట్టి ఖాళీ అయ్యేకొద్దీ డ్రోన్ తేలికై, ఆ తోపుడు బలమూ తగ్గుతుంది. అంటే చివరి లీటరు మొదటి లీటరు కంటే సులువుగా గాలికి పోతుంది.

పక్కగాలిలో డ్రోన్ గాలి వైపు ఒరిగి తన దారి నిలుపుకుంటుంది. ఉపగ్రహ సంకేతాలు దాన్ని గీత గీసినట్టు నడిపిస్తాయి. మందుకు అలాంటి కాపు లేదు. తెర మీద చాళ్లు చక్కగా కనిపిస్తూనే, పొలంలో గాలి వచ్చే వైపు గట్టు వెంట మందు పడని పట్టీ మిగిలిపోతుంది. సెకనుకు 8 మీటర్ల గాలిలో కూడా ఎగరగల డ్రోన్‌ను పిచికారీకి మాత్రం దాదాపు సగం గాలికే ఆపేయాల్సింది ఇందుకే.

ఇంకో సంగతి మందు చిక్కదనం. చేతి పంపుతో ఎకరానికి 200 లీటర్ల నీళ్లలో కలిపే మందును డ్రోన్‌లో పది లీటర్లలోనే కలుపుతారు. ఒక్కో చినుకు ఇరవై రెట్లు ఘాటైనది. వరిలో కలుపు కోసం కొట్టిన 2,4-డి పక్క చేలోని పత్తి మీద పడితే ఆకులు ముడుచుకుపోతాయి. మల్బరీ మీద పురుగుమందు పడితే ఆ ఆకు తిన్న పట్టుపురుగులు చచ్చిపోతాయి.

ఉప్పల్, నాచారం

హైదరాబాద్ తూర్పు అంచున ఉన్న ఉప్పల్, నాచారం ప్రాంతానికి ఈ విషయంతో సంబంధం ప్రయోగశాలల ద్వారా ఏర్పడింది. ఉప్పల్ రోడ్డులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ 1961లో మొదలైంది. భూగర్భ జలాలను వెతకడానికి హెలికాప్టర్‌కు వేలాడదీసిన పరికరాలతో కిందుగా ఎగిరే సర్వేలు చేసింది. నాచారానికి దగ్గర్లోని తార్నాకలో భారతీయ రసాయన సాంకేతిక సంస్థ మోనోక్రోటోఫాస్ వంటి పురుగుమందుల తయారీ విధానాలను దేశీయంగా రూపొందించింది.

ఒకప్పటి ఉప్పల్ పొలాలు ఇప్పుడు పారిశ్రామిక వాడలు, అపార్ట్‌మెంట్లు. అయితే మూసీ వెంట పీర్జాదిగూడ, పర్వతాపురం దాటి తూర్పుకు పోతే నగరపు నీటితో పెరిగే పశుగ్రాసం, వరి మడులు కనిపిస్తాయి. జూన్, జూలైల్లో ఇక్కడ పడమర, నైరుతి గాలులు బలంగా వీస్తాయి. వానాకాలం పంటకు మందు పని మొదలయ్యేదీ అప్పుడే. ఆ రోజుల్లో పొలానికి తూర్పున, ఈశాన్యాన ఎవరున్నారన్నది మొదటి ప్రశ్న కావాలి. గడ్డి మీద పడిన మందు గేదె పాలలోకి రావచ్చు. ఎత్తయిన భవనాల చాటున గాలి తిరగబడి సుడులవుతుంది కనుక మైదానంలో కొలిచిన వేగం అక్కడ పనికిరాదు. బేగంపేట విమానాశ్రయం, హకీంపేట వైమానిక స్థావరం దూరం కాకపోవడంతో ఎగిరేముందు కేంద్ర ప్రభుత్వ డ్రోన్ వేదిక ‘డిజిటల్ స్కై’ పటంలో అనుమతి మండలం చూసుకోవడం తప్పనిసరి.

చట్టం, శిక్షణ

1971 నాటి పురుగుమందుల నియమాలు ఆకాశ పిచికారీకి కనీసం 24 గంటల ముందు ప్రజలకు తెలియజేయాలనీ, మందు చల్లే హద్దులు గుర్తించాలనీ, సంబంధం లేని మనుషులను, పశువులను లోపలికి రానీయవద్దనీ చెబుతున్నాయి. కేరళలోని కాసరగోడ్‌లో జీడితోటల మీద ఏళ్ల తరబడి హెలికాప్టర్లతో ఎండోసల్ఫాన్ చల్లారు. అక్కడి ప్రజల అనారోగ్యం, పోరాటం దేశాన్ని కదిలించాయి. 2011 మేలో సుప్రీంకోర్టు ఆ మందును నిషేధించింది. 2020లో మిడతల దండు వచ్చినప్పుడు రాజస్థాన్‌లో డ్రోన్లు రంగంలోకి దిగాయి. 2021 ఆగస్టులో డ్రోన్ నిబంధనలు, అదే ఏడాది డిసెంబరులో డ్రోన్ పిచికారీ మార్గదర్శకాలు వెలువడ్డాయి. 2023 నవంబరులో కేంద్రం ఆమోదించిన పథకం 15,000 మహిళా సంఘాలకు డ్రోన్లు ఇవ్వాలని సంకల్పించింది.

రాజేంద్రనగర్‌లోని ప్రొఫెసర్ జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం, గుంటూరు లాంలోని ఆచార్య ఎన్.జి. రంగా విశ్వవిద్యాలయం డ్రోన్ పరిశోధన, పైలట్ శిక్షణ చేపట్టాయి. మారుత్ డ్రోన్స్, థానోస్ వంటి హైదరాబాద్ సంస్థలు వ్యవసాయ డ్రోన్లు తయారుచేస్తున్నాయి.

యంత్రం చవకై, శిక్షణ ఊళ్లకు చేరుతోంది. మిగిలిన చిక్కు కూలి లెక్కలో ఉంది. ఎకరానికి ఇంత అని డబ్బు తీసుకునే పైలట్‌కు గాలి తగ్గేదాకా ఆగిన ప్రతి గంటా నష్టమే. మందు కొట్టిన ప్రతి చేనుకూ గాలి వేగం, దిక్కు, సమయం రాసి రైతుకు ఇవ్వడం, గాలి ఎక్కువైతే ఆగిన పూటకూ పైలట్‌కు కూలి దక్కేలా చూడడం పెద్ద ఖర్చుతో కూడినవి కావు. ‘ఇవాళ వద్దు’ అని చెప్పిన పైలట్ నష్టపోకుండా ఉంటేనే పక్క చేను, పక్క ఇల్లు క్షేమంగా ఉంటాయి.