ధ్రువసీమలో ఇద్దరు

1881లో సైబీరియాకు ఉత్తరమున మంచులో నలిగి జెన్నెట్ అను నౌక మునిగిపోయినది. మూడేండ్ల తరువాత దానికి చెందిన వస్తువులు గ్రీన్‌లాండు నైరుతి తీరమునకు కొట్టుకొనివచ్చినవి. ధ్రువసముద్రపు మంచు ఒకచోట నిలువక ప్రవాహముతో సాగుచున్నదని దీనినిబట్టి నార్వే దేశపు జంతుశాస్త్రజ్ఞుడు ఫ్రిట్‌యోఫ్ నాన్సెన్ గ్రహించినాడు. మంచు ఒత్తిడికి పగులక పైకి లేచునట్లు గుండ్రని అడుగుగల ఫ్రామ్ అను ఓడను కట్టించి, 1893లో కోరి దానిని మంచులో చిక్కించినాడు.

ఏడాదిన్నర గడచినను ఓడ ధ్రువమును చేరునట్లు తోచలేదు. 1895 మార్చి 14న నాన్సెన్, యాల్మర్ యోహాన్సెన్ 28 కుక్కలతో, మూడు స్లెడ్జి బండ్లతో, కయాకులనెడి రెండు తేలిక పడవలతో ఓడ దిగి నడక సాగించినారు. (ఓడ 1896లో క్షేమముగా బయటపడినది, అది వేరొక కథ.) ఏప్రిల్ 8 నాటికి 86వ అక్షాంశమును దాటి, అంతవరకు ఏ మానవుడును చేరినట్లు తెలియని చోటినుండి వెనుదిరిగినారు.

చరిత్ర గ్రంథములు ఆ అంకెను మరువవు. నాకు మాత్రము తిరుగుదారియే ముఖ్యముగా తోచును. కుక్కలకు తెచ్చిన మేత నెలరోజులకే చాలును. అటుపైన బలహీనమైనదానిని చంపి తక్కినవానికి పెట్టవలెను. ఈ లెక్క బయలుదేరునాటికే వేసికొన్నది. తూటాలు మిగుల్చుకొనుటకై కత్తితోనే ఆ పని చేసినారు.

ఆగస్టునాటికి రెండు కుక్కలే మిగిలినవి. ఒకనాడు తెల్ల ఎలుగుబంటి యోహాన్సెన్‌ను పడగొట్టినది. అతడు దాని గొంతు పట్టుకొని, ఆలస్యమైనచో లాభము లేదు, త్వరపడుడని నాన్సెన్‌ను కోరినాడు. త్వరపడుమనలేదు. నార్వే భాషలోను మన "మీరు" వంటి మాట కలదు. నాన్సెన్ నాయకుడు, పండితుడు. యోహాన్సెన్ యాత్రలో చోటు కొరకు ఓడ కొలిమిలో బొగ్గు వేయు పనికి ఒప్పుకొన్నవాడు. ఎలుగు పంజా క్రింద కూడ ఆ మన్నన తప్పలేదు. ఎలుగు కుక్కలవైపు తిరిగినది, అతడు తప్పించుకొన్నాడు, నాన్సెన్ తుపాకి పేలినది.

కొద్ది రోజులలోనే మంచు అంచున సముద్రము కనబడినది. కయాకులలో కుక్కలకు చోటు లేదు. తన కుక్కను తాను చంపజాలక, ఒకరి కుక్కను మరొకరు కాల్చినారు. ఆనాడు తూటాలకు లోభించలేదు.

ఫ్రాంజ్ జోసెఫ్ ద్వీపములలో నేలను త్రవ్వి, రాళ్లు పేర్చి, వాల్రస్ తోళ్లు కప్పి గుడిసె కట్టుకొన్నారు. ఎలుగు మాంసమే ఆహారము, వాల్రస్ కొవ్వే దీపము. నక్కలు ఉష్ణమాపకమును సైతము ఎత్తుకొనిపోయినవి. దానితో వానికేమి పనియో! ఆ ఏడాది చివరి రాత్రి ఇద్దరును "మీరు" మాని "నీవు" అనుకొనుటకు ఒప్పుకొన్నారు.

1896 మే 19న మరల బయలుదేరినారు. జూనులో ఒక వాల్రస్ కయాకును చీల్చగా, దానిని బాగుచేయుటకు ఒడ్డున ఆగినారు. జూన్ 17 ఉదయము నాన్సెన్‌కు కుక్క మొరుగు వినబడినది. మంచు మీద నడచిపోగా మొదట కుక్క, దాని వెనుక ఒక మనిషి కనబడినారు. అతడు బ్రిటిషు యాత్రికుడు ఫ్రెడరిక్ జాక్సన్. తన కుక్కతో ఏదో మాటలాడుచుండినాడు.