చీరాల రామదండు



ఊరిలో ఒక యిల్లంటుకొన్నచో ఆర్పవలసినవారెవరు? ఈ ప్రశ్నకు లోకము మూడు విధముల సమాధానము చెప్పినది.

మొదటిది దండము. కౌటిల్యుని అర్థశాస్త్రమున అగ్నిభయమును గూర్చిన కట్టుబాటులు కలవు. వేసవిలో గృహస్థులు నీటికుండలు, నిచ్చెన, గొడ్డలి, కొక్కెము, తోలుతిత్తి సిద్ధముగ నుంచుకొనవలెను. వీథులయందును కూడళ్లయందును నీటికడవలు వరుసలు తీర్చవలెను. పొరుగిల్లు కాలుచుండ పరుగెత్తి పోని యింటి యజమానికి 12 పణములు, అద్దెకున్నవానికి 6 పణములు జరిమానా.

రెండవది జీతము. క్రీ.శ. 6వ సంవత్సరమున రోము నగరమున అగస్టసు చక్రవర్తి రాత్రి కావలికిని, మంటలార్పుటకును దళములను నియమించెను. నేటి మన అగ్నిమాపక కేంద్రములు ఈ కోవలోనివే.

మూడవది స్వచ్ఛందము. 1736లో అమెరికాలోని ఫిలడెల్ఫియా పట్టణమున బెంజమిన్ ఫ్రాంక్లిను తన మిత్రులతో నొక సంఘము కట్టెను. సభ్యులు తమ తోలు బాల్చీలు తామే తెచ్చుకొని, పిలిచినంతనే పోయి మంటలార్పెడివారు. జీతము లేదు, రాజాజ్ఞ లేదు, ఊరు తమదను భావమొక్కటియే కలదు.

ఈ మూడవ కోవకు చెందిన సేవాదళ మొకటి మన కృష్ణాతీరపు బిడ్డ చేతులలో రూపొందినది. అది మంటలార్పుటకు పుట్టినది కాదు. ఒక ఊరినే నిలుపుటకు పుట్టినది. అదియే రామదండు.

దాని నాయకుడు ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు. ఆయన 1889లో కృష్ణా మండలమందలి పెనుగంచిప్రోలున జన్మించెను. ఎడింబరోలో చదివి ఎమ్.ఏ. పట్టము పొందెను. ఆనంద కుమారస్వామితో గూడి అభినయదర్పణమును ఆంగ్లీకరించెను. అట్టి పండితుడు రాట్నము త్రిప్పువారి నడుమకును, మగ్గముపై కూర్చుండువారి నడుమకును వచ్చి నిలిచెను.

చీరాల, పేరాలలు నాడు గుంటూరు మండలములోని నేతపల్లెలు. జనసంఖ్య సుమారు 15,000. ప్రభుత్వము వానిని కలిపి పురపాలక సంఘముగ మార్చెను. పన్ను నాలుగు వేల రూపాయలనుండి సుమారు నలుబది వేలకు పెరిగినది. పేదసాదలు భరింపజాలక, మాకీ మునిసిపాలిటీ వలదని మొరపెట్టుకొనిరి. మొర వినువారు లేరైరి. పన్ను చెల్లింపనివారిలో కొందరు చెరసాలకు పోయిరి.

1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీలలో బెజవాడ యందు అఖిల భారత కాంగ్రెసు సంఘము సమావేశమైనది. ఒక కోటి రూపాయల తిలక్ స్వరాజ్యనిధి, ఒక కోటి సభ్యులు, ఇరువది లక్షల రాట్నములు సమకూర్పవలెనని అచ్చట నిశ్చయించిరి. తండోపతండములుగ వచ్చిన జనమును క్రమమున నడుపుటకు రామదండు తోడ్పడినది. రామదండువారు కాషాయవస్త్రములు, రుద్రాక్షలు, నొసట సిందూరము ధరించెడివారు. వారి చేత ఆయుధము లేదు. లంకకు వారధి కట్టిన వానరసేన పేరు వారికి చాలినది. ఆ పేరు వినినంతనే, పెద్దది చేయుటకు చిన్నవారలు పలువురు కూడవలెనని పామరునకు సైతము తెలిసెడిది.

ఏప్రిల్ 6వ తేదీన గాంధీమహాత్ముడు చీరాలకు వచ్చెను. ఆయన రెండు మార్గములు చూపెను: శాంతముతో పన్ను నిరాకరించుట యొకటి, ఊరు విడిచి పొలిమేర వెలుపల కాపురముండుట రెండవది. జనులు రెండవదానిని వరించిరి. మునిసిపాలిటీ హద్దులు దాటి రామనగరమను పేర తాత్కాలిక గ్రామము వెలసినది.

శ్రోతలొక్కమారు ఊహింపుడు. కృష్ణాతీరపు వేసవి; చేరువ చేరువగ వేసిన పాకలు; ఇంటింట పొయ్యి; సముద్రపు గాలి. ఒక్క నిప్పురవ్వ చాలును. మునిసిపాలిటీని కాదని వచ్చినవారికి వీథి యూడ్చువాడును, రాత్రి కావలివాడును తామే కావలెను. పన్ను వద్దనుట సులభము. పన్ను చేయించు పనులను తామే చేసికొనుట కష్టము. రామదండు విలువ యిచ్చటనే తెలియును. వద్దను నోటికి చేయు చేతులు తోడైనవి. ఊరి తగవులు ఊరిపెద్దలే తీర్చుకొనిరి.

ఇట్లు సుమారు పదునొకండు మాసములు గడచినవి. ఎండలు, వానలు, చలి మూడును వారు పాకలలోనే చూచిరి. నడుమ గోపాలకృష్ణయ్యగారిని బరంపురమున నిర్బంధించి, ఒక సంవత్సరము శిక్షవేసి తిరుచిరాపల్లి చెరసాలకు పంపిరి. నాయకుడు దూరమైన పిమ్మటను ఊరు కొంతకాలము నిలిచినది. కాని సొమ్ము తరిగినది, బాధలు పెరిగినవి. తుదకు జనులు తమ యిండ్లకు మరలిరి. ఆయన 1928 జూను 10వ తేదీన నలువది నిండకయే అస్తమించెను. విజయవాడలోని ఆంధ్రరత్న భవనము ఆయన పేరు మోయుచున్నది.

ఓడిపోయిన ఉద్యమమును తలచుటవలన ఫలమేమని యెవరైన అడుగవచ్చును. పదునొకండు మాసములు ఒక ఊరు జరిమానా భయము లేకయే, జీతపు ఆశ లేకయే తన్ను తాను కాపాడుకొనినది. ఇది స్వల్పము కాదు. అయినను ఒక లోపము స్పష్టము: ఒక మహాపురుషుని చుట్టును అల్లుకొన్న సేవ ఆయన లేనినాడు బలహీనమగును. ఫిలడెల్ఫియా బాల్చీల సంఘము ప్రతి సభ్యునికిని తన వంతు పని ముందుగనే నిర్ణయించినది. రామదండు ఉత్సాహమునకు ఆ నియమము జోడింపవలెను.

నేడు 101 సంఖ్యకు ఫోను చేసిన ఫైరింజను వచ్చును. రావలసినదే. కాని పట్టణమునుండి పల్లెకది చేరులోపల గడ్డివామి బూడిదయగును. ఆ నడిమి గడియ పొరుగువానిది. గ్రామపెద్దలారా, మీ ఊరిలో నిచ్చెన యెవరి యింట నున్నది? పొడవైన త్రాడెవరియొద్ద నున్నది? అర్ధరాత్రి మోటారు నడపి చెరువునీరు తోడువాడెవడు? ముసలివారిని, పసిపిల్లలను మొదట వెలుపలికి తెచ్చువారెవరు? ఈ నాలుగు ప్రశ్నలకు నాలుగు పేర్లు వ్రాసి, రచ్చబండకడ నందరికిని వినిపింపుడు. వారిలో నొకడు ఊరు విడిచినచో వెంటనే వేరొకని పేరు చేర్పుడు. అదియే మీ ఊరి రామదండు.