దింపుడు కల్లం కాడ మూడు పిలుపులు

ఇంకింత దగ్గరికి జరుగు బిడ్డా, ఆ గొంగడి కప్పుకో. పుష్యమాసం చలి ఎముకలల్ల దూరుతది. కందికట్టె అంటుకున్నది, ఇగ పొగ రాదు. పొద్దటిసంది ఒక్కటే అడుగుతున్నవు, సచ్చినోళ్లు ఎటు పోతరు తాతా అని. నేను పోయొచ్చినోణ్ని కాదు. కానీ పోయొచ్చిన అన్న మనిషి చేతి బువ్వ తిన్నోణ్ని. ఆ ముచ్చట చెప్త, ఇను.

నాకప్పుడు పన్నెండేండ్లు. మా పెద్దమ్మకు ఇరవై దినాల సంది ఇడువని జరం. మనూర్ల డాక్టరు లేడు. దవాఖానకు ఎడ్లబండి మీద పోవాలంటె పూటంత పట్టేది. ఒకనాడు తెల్లారగట్ల ఊపిరి ఆడుతలేదన్నరు. ముక్కు కాడ దూది పెట్టి చూసిన్రు, కదల్లే. నాడి చూసే పెద్దమనిషి మణికట్టు పట్టుకొని శానసేపు కూసున్నడు, తల అడ్డంగ ఊపిండు. తానం పోసిన్రు, పాడె కట్టిన్రు. డప్పులు ముంగట, మేం ఎనుక.

ఊరికీ కాటికీ నడిమిట్ల మర్రిచెట్టు కింద పాడె దించిన్రు. దాన్నే దింపుడు కల్లం అంటరు. అక్కడ అయినోళ్లు చెవి కాడ వంగి మూడుమాట్ల పిలవాలె. మా అన్న, అంటె పెద్దమ్మ కొడుకు, వంగి "అవ్వా" అన్నడు. ఏం లేదు. రెండోమాటు అన్నడు, గొంతు పట్టుకపోయింది. మూడోమాటు పిలిచి, వంగినోడు లేవలే. తన చెవి ఆమె నోటికాడ పెట్టి అట్లనే ఉండిపోయిండు. "పెదవి ఆడింది" అన్నడు. మొగోళ్లెవ్వలు నమ్మలే. ఒక ముసలవ్వ ముంగటికొచ్చి, కట్టిన తాళ్లు ఇప్పి, రొమ్ము మీద చెయ్యేసి, "నీళ్లు తేండ్రి" అని కేకేసింది. డప్పులు ఆగినయ్.

ఆ తర్వాత మా పెద్దమ్మ పంతొమ్మిదేండ్లు బతికింది.

ఇట్లనే చలిమంట కాడ కూసొని చెప్పేది. ఇద్దరు మనుషులు వచ్చి రెక్కలు పట్టుకొని తీస్కపోయిన్రట. నడిచినట్టే లేదట, పెయ్యి దూదిపింజ లెక్క ఉన్నదట. కచేరి లాంటి తాన ఒకాయన పెద్ద పద్దుల పుస్తకం ముంగటేసుకొని కూసున్నడట. పేజీలు తిప్పి, "ఈమెను ఎందుకు తెచ్చిన్రు? ఈమె దినం ఇంక రాలే" అని వాళ్లను కోపం చేసిండట. "నాకు వాపసు రాబుద్ధి కాలే బిడ్డా, అంత నిమ్మలం నేనెన్నడు ఎరుగ. కానీ మీ అన్న పిలుపు ఇనబడ్డది" అనేది.

వచ్చిన మనిషి పోయిన మనిషి లెక్క లేదు. అంతకుముందు గింజకు గింజ లెక్క చూసేది. వచ్చినంక అడిగినోళ్లకు దోసిలి నింపి పోసేది. ఊర్ల ఎవలన్న ఆఖరి ఘడియల ఉన్నరంటె పిలువకపోయినా పోయి, చెయ్యి పట్టుకొని కూసునేది. భయపడకు, ఏం కాదు అని చెప్పేది.

నేను పెద్దగయి సర్కారు దవాఖానల కంపౌండరుగ చేరిన. ముప్పై ఒక్క ఏండ్లు పనిచేసిన. గుండె ఆగినోళ్ల రొమ్ము మీద నేను కూడ ఒత్తిన. ఆ పద్ధతి మరీ పాతది కాదు. రొమ్ము కొయ్యకుండ, పైనుంచి ఒత్తి గుండెను మళ్ల ఆడియ్యొచ్చని అమెరికాల జాన్స్ హాప్కిన్స్ డాక్టర్లు రాసింది 1960ల. అది లోకమంతా పాకినంక అంచు దాకా పోయి మళ్లొచ్చేటోళ్లు ఎక్కువైన్రు, వాళ్ల ముచ్చట్లూ ఎక్కువైనయ్. 1975ల రేమండ్ మూడీ అనే ఆయన ఆ ముచ్చట్లన్ని కూడేసి పుస్తకం రాసిండు. చీకటి సొరంగం, దాని ఆఖరుకు వెలుగు, ముందే పోయిన అయినోళ్లు ఎదురొచ్చుడు, పైనుంచి తన పెయ్యిని తనే చూసుకునుడు, ఇవన్ని అండ్ల ఉన్నయ్.

ఒకనాడు మా డాక్టరు సారు నా చేతిల కొన్ని కాయితాలు పెట్టిండు. బెంగళూరు నిమ్హాన్స్‌ల పనిచేసిన సత్వంత్ పస్రీచా అనే ఆమె, ఇయాన్ స్టీవెన్‌సన్ అనే అమెరికా డాక్టరు కలిసి 1986ల అచ్చేసినవి. మన దేశంల 16 మంది ముచ్చట్లు. దూతలొచ్చి తీస్కపోయిన్రు, పుస్తకం పట్టుకున్న మనిషి చూసిండు, తప్పు మనిషిని తెచ్చిన్రని వాపసు పంపిండు అని ఉన్నది! నేను అక్కడనే బల్ల మీద కూలబడ్డ. మా పెద్దమ్మ అచ్చరం ముక్క రానిది. ఆమె మాట ఇంగ్లీషు కాయితం మీద కనబడ్డది.

మరి అమెరికాల సొరంగం, మన తాన చిట్టా ఎందుకు? దానికి నాకు తోచింది చెప్త. మా పెద్దమ్మ ఏటేటా చిందోళ్ల ఆట చూసింది. సావిత్రి కథ, యమధర్మరాజు, చిత్రగుప్తుడు, అన్ని ఆమెకు కంఠతా. కండ్లు ఏ ఏషం ఎరుగునో ఆ ఏషమే కనబడుతది. కానీ ఏషం ఎనుక ఉన్నది చూడు: పెయ్యి తేలికగుండుడు, మస్తు నిమ్మలం, ఇంక టైం కాలేదు ఎనుకకు పో అనుడు. అది శానమందికి ఒక్కతీరుగ ఉన్నది.

డాక్టర్లు ఊకోలే. హాలండ్‌ల పిమ్ వాన్ లోమెల్, ఆయన తోటోళ్లు గుండె ఆగి బతికిన 344 మందిని అడిగిన్రు. 2001ల ల్యాన్సెట్ పత్రికల వచ్చింది. 62 మంది ఏదో చూసినమన్నరు. తక్కిన 282 మందికి ఏం యాదికి లేదు. 2013ల మిషిగన్ యూనివర్సిటీల ఎలుకల మీద చూస్తె, గుండె ఆగినంక కూడ కొన్ని క్షణాలు వాటి మెదడుల జోరుగ చలనం కనబడ్డది. ఆరిపోయే దీపం ఒక్కసారి లేసి ఎలిగినట్టు. అందుకే కొందరు ఇదంతా మెదడు చూపే బొమ్మ అంటరు. కాదు, అంతకంటె ఎక్కువున్నదని కొందరంటరు.

నన్నడిగితె, వాళ్లంతా కడప కాడికి పోయొచ్చినోళ్లు. కడప కాడికి పోయినోడు ఇంట్ల ఎన్ని అర్రలున్నయో చెప్పలేడు. మా పెద్దమ్మకు పాణం నిజంగ పోయిందో, నాడి చేతికి అందలేదో, నేనూ చెప్పలేను. కానీ కడప కాడ భయం లేదని అంత మంది చెప్తుంటె, ఆ మాట నాకు చాలు.

దింపుడు కల్లం ఆశ అని ఊరికె అంటరు గదా, ఆశ లేనితాన ఆశ అని. నేనట్ల అనుకోను. స్టెతస్కోపు లేని కాలంల మన పెద్దలు పెట్టుకున్న ఆఖరి పరీక్ష అది. కండ్లతోటి చూసుడు అయింది, చేతితోటి పట్టుకునుడు అయింది. ఇగ చెవి ఒక్కటే మిగిలింది, పిలిచి చూడు అన్నరు. కెనడాల వాంకూవర్ తాన 2020ల పరీక్ష చేసిన్రు. ఆఖరి గంటలల్ల పలుకు లేక పడి ఉన్నోళ్ల తలకు తీగలు పెట్టి చప్పుళ్లు ఇనిపిస్తె, కొందరి మెదడు మంచిగున్నోళ్ల మెదడు లెక్కనే పలికింది. అర్థమైందా లేదా ఆ గీతలు చెప్పలేవు. కానీ చెవి తలుపు తెరిచే ఉన్నది.

మీ నాయినమ్మ ఆఖరి మూడు దినాలు కండ్లు తెరువలే. మంచం పక్కనే చుట్టాలు కట్టెల ముచ్చట, పొలం ముచ్చట మొదలు పెట్టిన్రు. అందర్ని బయటికి పొమ్మన్న. ఆమె చెవి కాడ కూసొని, బర్రె ఈనింది, పెయ్యదూడ అని చెప్పిన. బాయి కాడి సీతాఫలం ఈయేడు మస్తు కాసిందని చెప్పిన. పెండ్లయిన కొత్తల జాతరల ఆమె తప్పిపోతె నేను పేరు పెట్టి అరిచిన ముచ్చట చెప్పిన. మొగడు పేరు పెట్టి పిలుస్తడా అని అప్పుడు సిగ్గుపడ్డది. ఆ రాత్రి మళ్ల పేరు పెట్టే పిలిచిన. పలుకలే. ఇన్నదనే నా నమ్మకం.

అందుకే మీకందరికి చెప్తున్న. నా వంతు వచ్చిన్నాడు దింపుడు కల్లం దాకా ఆగకుండ్రి. మంచం మీద ఉన్నప్పుడే దగ్గరికి రాండ్రి, తాతా అని పిలువుండ్రి.