బాతిక్ గుడ్డలమ్మి కొన్న పల్లె

చెన్నపట్టణమునుండి మహాబలిపురమునకు సముద్రపుటొడ్డు వెంబడి పోవు యాత్రికునకు, అడయారు దాటి కొంత దూరము సాగిన పిమ్మట, ఇంజంబాక్కమను గ్రామము ఎదురగును. నేడది మహానగరములో కలిసిపోయి ఇరుప్రక్కల మేడలతో క్రిక్కిరిసియున్నదిగాని, 1960ల నాటికి సరుగుడు తోపులు, ఇసుక దిబ్బలు, బెస్తవారి గుడిసెలు దక్క వేరొండు చెప్పుకొనదగినది లేని పల్లె. అట్టి చోట 1966లో ముప్పదిమందికి పైబడిన యువ చిత్రకారులును శిల్పులును తమ చేతిపని వలన వచ్చిన పైకముతో ఎనిమిది పదెకరముల నేల కొని, చోళమండలమను పేర ఒక కళాకార గ్రామమును నిలిపిరి. కళావంతులకు మాన్యములిచ్చిన రాజులు మన చరిత్రలో కొల్లలుగా కనబడుదురు; తమకు తామే మాన్యము సంపాదించుకొన్న కళావంతులు మాత్రము మిక్కిలి అరుదు.

ఈ పల్లె కథకు మూలము పట్టణమునందే యున్నది. 1850లో అలెగ్జాండర్ హంటర్ అను వైద్యుడు మదరాసున నెలకొల్పిన కళాశాల మొదట చేతిపనులు నేర్పుటకు పేరుపడినది. 1929లో దేవీప్రసాద్ రాయ్ చౌధురి దానికి తొలి భారతీయాధ్యక్షుడై వచ్చి, దాదాపు మూడు దశాబ్దములు నడపి, చిత్రలేఖనమునకును శిల్పమునకును అందు పెద్దపీట వేసెను. ఆయన శిష్యుడే కె.సి.ఎస్. పణిక్కర్. 1911లో కోయంబత్తూరున జన్మించి, తంతి శాఖలో కొలువును, బీమా ఏజెంటు పనియు చేసి, ఇరువదియైదేండ్ల ప్రాయమున విద్యార్థిగా కళాశాల గడప త్రొక్కిన ఆ మనుష్యునకు, కడుపుకూటికై కుంచెను ప్రక్కన పెట్టుట యెట్టిదో ఒకరు చెప్పి తెలుపవలసిన పనిలేదు. 1944లో ఆయన ప్రోగ్రెసివ్ పెయింటర్స్ అసోసియేషన్‌ను స్థాపించెను; 1957లో గురువు కూర్చుండిన ఆసనమునే అధిష్ఠించెను. పదవి లభించెనుగాని మనశ్శాంతి లభింపలేదు. చదువు ముగించుకొని పోయిన శిష్యులు కొలదికాలమునకే చిత్రరచన మాని, ఏ ప్రకటనల కంపెనీలోనో, ఏ బడిలోనో కుదురుకొనుచుండిరి. నాటి మదరాసులో చిత్రములు ప్రదర్శించు గ్యాలరీలు లేవనియే చెప్పవచ్చును. కొనువారు అంతకన్న తక్కువ. తెలుగువాడైన ఎం. రెడ్డెప్ప నాయుడు వంటి సమర్థుడు సైతము చేనేత సేవాకేంద్రమున వస్త్రములకు నమూనాలు గీయుచు, మిగిలిన పొద్దున తన చిత్రములు తాను వేసికొనవలసివచ్చెను.

పణిక్కర్ కనుగొన్న ఉపాయము అందరకు తెలిసిన బాతిక్ పని. కరగిన మైనమును కుంచెతో గుడ్డపై పూసి రంగుతొట్టిలో ముంచినచో, మైనమున్న మేర రంగు పట్టదు. గుడ్డ నలిగినపుడు మైనము బీటలువారి, ఆ సందులలో దూరిన రంగు సాలెగూటి వంటి సన్నని గీతలై తేలును. పిమ్మట మైనమును కరగించి తీసి, మరల పూసి, మరల ముంచి, లేత వన్నెనుండి ముదురు వన్నెకు క్రమముగా పోవలెను. మైనముతో రంగునాపు ఈ విద్య తూర్పుతీరమునకు క్రొత్తది కాదు. నీలిమందు అద్దకమున మన కలంకారీ పనివాండ్రు పూర్వము వాడినదే. ఆర్టిస్ట్స్ హ్యాండీక్రాఫ్ట్స్ అసోసియేషన్ అను సంఘముగా ఏర్పడిన యువకులు బాతిక్ గుడ్డలను, తోలు సామగ్రిని, లోహపు పనులను చేసి అమ్మిరి; ఆ సొమ్మే నేలయై, ఇండ్లై పరిణమించినది. రోజులో కొంత భాగము చేతిపనికి, తక్కినది స్వంత చిత్రమునకు. ఇది వారి కట్టుబాటు. చేతిపని చిత్రకారుని స్థాయిని దించునని ముక్కు విరిచినవారి మాట నాకు రుచింపదు. హంటరు నాటి చేతిపనిని రాయ్ చౌధురి నాటి చిత్రకళకు అన్నదాతగా నిలిపిన పణిక్కర్, నూరేండ్ల ఆ కళాశాల చరిత్రను చక్కగా చదువుకొన్నవాడని తోచుచున్నది.

తొలినాళ్ల తాటాకు పాకలలో కాపురమున్నవారు తక్కువవారు కారు. పి.వి. జానకీరామ్ రాగిరేకును కత్తిరించి, సుత్తితో సాగగొట్టి, కన్నులకు, నగలకు, వస్త్రపు మడతలకు లోహపు తీగలనతికి, ఎదుటనుండి మాత్రమే చూడవలసిన విగ్రహములను చేసెను; ఆలయములలో మూలవిరాట్టులకు తొడుగు కవచములు ఎరిగినవారికి ఆ పోలిక వెంటనే దొరకును. మదనపల్లె చెంత ఋషివ్యాలీ పాఠశాలలో చిత్రలేఖనము బోధించిన జె. సుల్తాన్ అలీ కూడ పిదప ఇచ్చటనే స్థిరపడెను. విశ్వనాథన్, అక్కిత్తం నారాయణన్ పారిస్ చేరిరి. పణిక్కర్ తానును జాతకచక్రముల వంటి గడులతో, చదువరాని అక్షరములతో నిండిన తన ప్రఖ్యాత చిత్రములను గీయుచు, 1977లో కన్నుమూయువరకు ఆ గ్రామమునకు పెద్దదిక్కై యుండెను.

ప్రదర్శనశాల మాట యిపుడు చెప్పవలెను. సభ్యుల పనులను నిత్యము ప్రదర్శించి అమ్ము ఏర్పాటు గ్రామములో తొలినుండియు గలదు. నాటకములకు, నృత్యములకు ఆరుబయట రంగస్థలమును గలదు. అయినను ఈ కళాకారుల పనితో పేరుపడిన మద్రాసు కళోద్యమమునకు తగిన మ్యూజియము మాత్రము 2009లోగాని వెలయలేదు. పణిక్కర్ కుమారుడును శిల్పియునగు ఎస్. నందగోపాల్ దీనికై మిక్కిలి పాటుపడి, 2017లో దివంగతుడయ్యెను. మన జిల్లాలలో కళాసంఘములు పుట్టిననాడే భవనమునకు శంకుస్థాపన చేయించి, పిదప సభ్యులకై వెదకికొనుట నేనెరుగుదును. చోళమండలము వారు ముందు కూడు, పిమ్మట గూడు, తుదకు గోడలు అను వరుసను పాటించిరి; నలువదియేండ్ల ఆలస్యము వారికి నష్టమైనట్లు కనబడదు.

మహాబలిపురపు రథములను చూడబోవు తెలుగువారు త్రోవలో ఒక గంట ఇచ్చట ఆగవలెను. గోడల మీది చిత్రములలో అమ్మకమునకున్నవియు గలవు. చేత పైకమున్నవారు బేరమాడక కొనవలెనని నా మనవి.