సైగలతో నడిచే రైలు



చెవులు వినిపించని వారి గురించి రేడియోలో ప్రసంగం ఏమిటని మీకు అనిపించవచ్చు. ఎవరి గురించి మాట్లాడుతున్నానో వారికి ఈ మాట చేరదు. నిజమే. కానీ ఇది చేరవలసింది మనకే. బధిరుడైన ప్రయాణికుడి పక్క సీటులో కూర్చునేది, టికెట్టు కిటికీ వెనుక ఉండేది, ప్లాట్‌ఫారం మీద అతని ముందు నిలబడేది మనమే కదా!

మన జిగణికి రైలు స్టేషను లేదు. బండి ఎక్కాలంటే హీలలిగెకో, ఆనేకల్ రోడ్డుకో, హోసూరుకో, లేదంటే బెంగళూరుకో పోవాలి. 2025 ఆగస్టులో బొమ్మసంద్ర దాకా మెట్రో పసుపు మార్గం వచ్చాక నగరం కొంత దగ్గరైంది. ఇక్కడి గ్రానైటు కోత మిల్లుల్లో, కార్ఖానాల్లో పనిచేసేవారిలో తెలుగు జిల్లాల నుంచి వచ్చినవారు ఎందరో ఉన్నారు. పండగకో, పెళ్ళికో ఊరికి పోవాలంటే వారికి రైలే ఆధారం. రాయి కోసే యంత్రం మోత ఎలా ఉంటుందో మీకు తెలుసు. 8 గంటల పనికి 90 డెసిబెళ్ళను మన ఫ్యాక్టరీ నియమాలు హద్దుగా పెట్టాయి. ఆ హద్దు దాటిన చప్పుడులో ఏళ్ళ తరబడి పనిచేస్తే చెవి మెల్లమెల్లగా మొద్దుబారుతుంది. అంటే పుట్టుకతో వినికిడి లేనివారే కాదు, బతుకుతెరువులో వినికిడి పోగొట్టుకున్నవారు కూడా మన మధ్యే ఉన్నారు.

ఇప్పుడు కొంచెం వెనక్కి పోదాం. మన దేశంలో మొదటి ప్రయాణికుల రైలు 1853 ఏప్రిల్ 16న బొంబాయి నుంచి ఠాణాకు నడిచింది. దక్షిణాదిన 1856లో మద్రాసు రాయపురం నుంచి ఆర్కాటు వైపు బండి బయలుదేరింది. 1864లో జోలార్‌పేట నుంచి బెంగళూరు కంటోన్మెంటుకు రైలు వచ్చింది. ఆనాటి నుంచీ రైలును నడిపించినది ముఖ్యంగా కంటికి కనిపించే గుర్తులే. స్తంభం మీద చెయ్యి అడ్డంగా చాచి ఉంటే ఆగు, కిందికి వాలితే పో. హోసూరు వైపు తమిళంలో దాన్ని కైకాట్టి అనేవారు, అంటే చేయి చూపించేది అని అర్థం. రాత్రిపూట ఎర్ర దీపం, పచ్చ దీపం. వెనుక పెట్టెలోంచి గార్డు పచ్చజెండా ఊపితే చాలు, ముందున్న డ్రైవరుకు అర్థమయ్యేది. ఒక్క మాట లేకుండా ఇంత పెద్ద బండి కదిలేది. రైల్వేకు సైగ భాష కొత్తది కాదు. ఉద్యోగులు తమలో తాము వాడుకున్న భాషే అది.

ప్రయాణికుడికి మాత్రం రైల్వే ఇచ్చింది శబ్దం. మొదట వేలాడదీసిన పట్టాముక్క మీద గంట కొట్టేవారు. తరువాత మైకు వచ్చింది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అని మనం ఒక సామెత వాడుతుంటాం. వినలేని వాడిని ఎగతాళి చేయడానికే దాన్ని వాడతాం. కానీ ఆలోచించండి, అక్కడ తెలివితక్కువ పని చేసినది ఎవరు? విన్నవాడా, ఊదినవాడా?

మా బడిలో చదివిన ఒక పిల్లవాడి తండ్రి సంగతి చెబుతాను. రాతి కోత యంత్రం దగ్గర పద్దెనిమిదేళ్ళు పనిచేసి వినికిడి పోగొట్టుకున్నాడు. మాట చక్కగా వస్తుంది. తమ్ముడి కూతురి పెళ్ళికని బయలుదేరి ఒక పెద్ద స్టేషనులో 3వ ప్లాట్‌ఫారం మీద కూర్చున్నాడు. బండి 5వ ప్లాట్‌ఫారానికి మారిందని మైకులో చెప్పారు. బోర్డు మీద పాత అంకె అలాగే ఉంది. చుట్టూ ఉన్న జనం మూటాముల్లె ఎత్తుకుని పరుగెత్తారు. ఏదో గొడవ జరుగుతోందనుకుని ఆయన ఒక పక్కకు ఒదిగి నిలబడ్డాడు. బండి వెళ్ళిపోయింది. తాళికట్టు వేళకు ఊరు చేరలేకపోయాడు. "సార్, అందరూ లేచారు. ఎందుకో ఒక్కరూ చెప్పలేదు" అన్నాడు నాతో.

ఇక చట్టాల మాట. 1995లో వచ్చిన వికలాంగుల చట్టం రైలు పెట్టెలను, మరుగుదొడ్లను అనువుగా మార్చాలన్నది, చక్రాల కుర్చీలను పేరుపెట్టి ప్రస్తావించింది. వినలేని ప్రయాణికుడికి కబురు ఎలా అందాలో ఆ సెక్షను చెప్పలేదు. 2016 చట్టం ఒక అడుగు ముందుకు వేసి, రాతలో చూపడం, సైగలు కూడా సమాచార మార్గాలేనని గుర్తించింది. రెండు చెవుల్లోనూ 70 డెసిబెళ్ళ వినికిడి నష్టం ఉంటే బధిరులని, 60 నుంచి 70 వరకు ఉంటే వినికిడి మందగించినవారని నిర్వచించింది. ఈ నిర్వచనంలో మాట వస్తుందా రాదా అన్న ప్రసక్తి లేదు.

రైల్వే రాయితీలో ఆ ప్రసక్తి ఉంది. వినికిడి, మాట రెండూ పూర్తిగా లేనివారికి రెండో తరగతి, స్లీపరు, ఫస్టు క్లాసు టికెట్లలో 50 శాతం తగ్గింపు ఇస్తారు. వెంట వచ్చే ఒకరికీ అంతే. 2020లో కరోనా వచ్చినప్పుడు చాలా రాయితీలు ఆపినా దీన్ని ఆపలేదు. మెచ్చుకోవలసిందే. కానీ రెండు లోపాలూ ఒకే మనిషిలో ఉండాలన్నది షరతు. నేను చెప్పిన తండ్రికి అది వర్తించదు. 2018లో ఫారాల మీద మూగ, చెవిటి అన్న పాత మాటలు తీసేసి గౌరవమైన మాటలు పెట్టారు. పేరు మారింది, షరతు మారలేదు.

2023 ఫిబ్రవరి ఆఖరులో చెన్నై సెంట్రల్ స్టేషనులో ఒక ప్రయోగం జరిగింది. రైళ్ళ రాకపోకల గురించి మైకులో చెప్పడం ఆపి, తెరల మీద మాత్రమే చూపించారు. ప్రయాణికులు ఇబ్బంది పడ్డారు. చూపు లేనివారికి అది మరీ కష్టం. కొద్ది రోజులకే మైకు తిరిగి మోగింది. అలా మోగడం న్యాయమే. అయితే ఆ కొద్ది రోజులు మనం ఓర్చుకోలేని స్థితిలోనే బధిరులు జీవితమంతా ప్రయాణం చేస్తున్నారు. ఇందులో నేర్చుకోవలసింది ఒకటే. చెవికి చెప్పినది కంటికి కూడా చూపించాలి, కంటికి చూపినది చెవికి కూడా చెప్పాలి. ఒకటి తెచ్చి ఇంకొకటి తీసేయకూడదు.

సెల్‌ఫోను వచ్చాక కొంత మేలు జరిగింది. బండి ఎక్కడుందో, ఎంత ఆలస్యమో తెర మీద చదువుకోవచ్చు. అయినా వందే భారత్ వంటి కొత్త బండ్లలో ఆపద వేళ మీట నొక్కి సిబ్బందితో మాట్లాడే ఏర్పాటు పెట్టారు. వినలేని మనిషి అక్కడ ఏం చేయాలి?

ఆ పెద్ద మార్పులు రైల్వే చేయాలి, మనం అడగాలి. ఈలోపు మన చేతిలో ఉన్న పనులు ఉన్నాయి. ప్లాట్‌ఫారం మారినప్పుడు కదలకుండా కూర్చున్నవారు కనిపిస్తే, ఎదురుగా వెళ్ళి వేళ్ళతో అంకె చూపించండి. అరవకండి, కాగితం మీద రాసి చూపండి. అందరికీ అన్ని లిపులూ రావు కాబట్టి అంకెలు వాడండి. మీ ఇంట్లో వినికిడి తగ్గినవారు ఉంటే పట్టాల వెంట నడవనివ్వకండి. వెనుక వచ్చే బండి కూత వారిని కాపాడలేదు.

పచ్చజెండా ఊపడానికి గార్డుకు ఒక్క చెయ్యి చాలింది. తోటి ప్రయాణికుడికి దారి చూపడానికి మనకూ అంతే చాలు.

సెలవు.