సాహస చలనచిత్రములు: ప్రాచీన కథాసంవిధానము



నేడు నేను మాటలాడబూనిన విషయము మీలో కొందరికి వింతగా తోపవచ్చును. తుపాకులు ప్రేలుట, మేడలు కూలుట, బండ్లు తలక్రిందులగుట ముఖ్యముగా గల అమెరికా సాహసచిత్రములను గూర్చి ముచ్చటింపదలచినాను. మనుమలు చూచి కేరింతలు కొట్టు ఆ రొదలో మాకు తెలిసికొనదగిన దేమున్నదని మీ రడుగవచ్చును. నా యుత్తర మిది. ఆ రొద క్రొత్తదే కాని, దాని క్రింద నున్న కథాబంధము మీ రెరిగినదే. పురాణశ్రవణము చేసిన చెవికి, వీధినాటకములు చూచిన కంటికి అది పరాయిది కాదు. అది యెట్లో ముందు మనవి చేసెదను. ఆ యెరుక మన కేల యవసరమో పిదప చెప్పెదను.

ఇట్టి చిత్రములలో ఘనవిజయము పొందినవానిని 'బ్లాక్‌బస్టర్' అందురు. రెండవ ప్రపంచయుద్ధకాలమున పట్టణములో ఒక పేటనంతయు ఒక్క దెబ్బతో నేలమట్టము చేయగల బాంబులకు వచ్చిన పే రది. తరువాత విశేషధనము నార్జించిన చిత్రమునకు బిరుదైనది. పేరునుబట్టి చూచినచో ప్రేలుడే దాని ప్రాణమని తోచును. కాని 1975లో స్పీల్‌బర్గు దర్శకత్వమున వచ్చిన 'జాస్' అను చిత్రము వేరొక పాఠము చెప్పినది. అది మనుష్యులను మ్రింగు సొరచేప కథ. అందుకై చేయించిన యంత్రపు చేప సముద్రపు నీటిలో మాటిమాటికి చెడిపోవుటచే, దర్శకుడు చేపను చూపకయే దాని రాకను మాత్రము సూచింపవలసివచ్చెను. ప్రేక్షకుల భయము తగ్గలేదు సరికదా, ఇనుమడించినది. చూపిన వస్తువుకంటె, దేని తరువాత ఏది వచ్చుననెడి కూర్పే మనస్సును పట్టునని దీనివలన తెలియుచున్నది.

ఆ కూర్పును గూర్చి పాశ్చాత్యులలో శాస్త్రీయముగా విచారించిన ప్రాచీనుడు అరిస్టాటిలు. క్రీస్తుకు పూర్వము నాల్గవ శతాబ్దివాడు. కథకు ఆదిమధ్యాంతములు ఉండవలెననియు, ఒక సంఘటన మరియొకదానికి కారణము కావలెననియు, ముందు ముడిపడి పిదప ముడి విడవలెననియు అతడు చెప్పెను. ఆ నడుమ రెండు ఘట్టములు హృదయమును మిక్కిలి కదల్చునట. ఒక ప్రయోజనమునకై చేసిన పని దానికి విరుద్ధమైన ఫలము నిచ్చుట మొదటిది. ఎదుటివాడు ఎవ్వడో తెలియనివేళ గడచి, తెలియువేళ వచ్చుట రెండవది.

మన భరతుని నాట్యశాస్త్రము దీనిని మరింత సూక్ష్మముగా విభజించినది. పదవ శతాబ్ది తుదిభాగమున మాళవదేశమున ముంజరాజు ఆస్థానమందలి ధనంజయుడు దశరూపకమున ఆ శాస్త్రమును సంగ్రహించెను. పదునాల్గవ శతాబ్ది తొలిభాగమున మన ఓరుగంటిలో ప్రతాపరుద్రుని ఆశ్రయించిన విద్యానాథుడు, తన ప్రతాపరుద్రీయమున నాటకలక్షణమును చెప్పి ఊరకుండక, ఉదాహరణముగా ప్రతాపరుద్రకల్యాణ మను ఐదంకముల నాటకమును రచించి ఆ గ్రంథముననే చేర్చెను.

ఆ శాస్త్రసారమును సేద్యపు భాషలో చెప్పిన సులభముగా నుండును. కథ ఒక బీజముతో మొదలగును. విత్తు నాటుట ముఖసంధి. మొలక ఒకచో కనబడి ఒకచో కనబడకుండుట ప్రతిముఖము. పైరు పొట్టకు వచ్చినవేళ, ఫలము దొరకినట్లును చేజారినట్లును ఉండుట గర్భసంధి. పంట చేతికందు సమయమున గాలివాన వచ్చి రైతును ఆలోచనలో పడవేయుట అవమర్శము. గింజలు ఇల్లు చేరుట నిర్వహణము. ప్రధానకథకు తోడై చాలదూరము సాగు ఉపకథకు పతాక యని పేరు. రామాయణమున సుగ్రీవుని వృత్తాంత మట్టిది. కొంచెముసేపు మాత్రమే వచ్చి ఉపకరించి పోవునది ప్రకరి.

ఇక ఒక్క చిత్రమును తీసికొని ఈ ఐదు సంధులను అందు వెదకుదము. నేను ఎన్నుకొన్నది 1988 జూలైలో అమెరికాలో విడుదలైన 'డై హార్డ్'. ఎంతకును లొంగక ప్రాణము పట్టుకొని పోరాడువాడని ఆ పేరునకు భావము. దర్శకుడు జాన్ మెక్‌టియర్నన్, నాయకపాత్రధారి బ్రూస్ విల్లిస్. సాహసచిత్రములకు మేలుబంతిగా నేటికిని దీనిని చెప్పుకొందురు.

నాయకుడు జాన్ మెక్లేన్ న్యూయార్కు నగరపు పోలీసు ఉద్యోగి. భార్య హాలీ మంచి కొలువు దొరకి బిడ్డలతో లాస్ ఏంజెలిస్ నగరమునకు వెడలినది. అతడు వెంటపోలేదు. క్రిస్టమసు ముందునాటి రాత్రి అతడు ఆమెను కలిసికొనవచ్చును. ఆమె పనిచేయు నకటోమి సంస్థవారి ఎత్తైన మేడలో ఆ రాత్రి విందు. ఆమె అచ్చట తన పుట్టింటి పేరుతో చెలామణి యగుట చూచి అతడు నొచ్చుకొనును. మాటకు మాట పెరుగును. అంతలో హాన్స్ గ్రూబర్ అనువాడు సాయుధులైన అనుచరులతో వచ్చి మేడ నాక్రమించి విందునకు వచ్చినవారిని బందీలను చేయును. నాయకు డొక్కడు వారికంట బడక తప్పించుకొనును.

ఈ ముఖసంధిలో కథకులు నాటిన విత్తులు మూడు. విమానములో ప్రక్కనున్న ప్రయాణికుడు, బడలిక తీరుటకు జోళ్లు విడిచి తివాచీమీద వ్రేళ్లు ముడిచి నడువుమని నాయకునితో చెప్పును. అతడు అట్లే చేయుచుండగా తుపాకులు మ్రోగును. వట్టికాళ్లతోనే పరుగెత్తవలసివచ్చును. ఇది మొదటి విత్తు. భర్త రాడేమోనన్న కినుకతో హాలీ తన బల్లమీది కుటుంబచిత్రమును బోర్లించును. ఇది రెండవది. ఆమె పనితనమునకు మెచ్చి సంస్థవారు బహూకరించిన విలువగల గడియారము ఆమె మణికట్టున నుండును. ఇది మూడవది. చూచునపుడు ఇవి లోకసహజములైన చిన్నమాటలు. విత్తు నేలలో పడినవేళ ఎవ్వరికిని పట్టదు.

ప్రతిముఖమున నాయకుడు చేతిరేడియోమీద సహాయము నర్థించును. అధికారులు మొదట నమ్మరు. తుదకు అల్ పౌవెల్ అను పోలీసువాడు వచ్చును. లోపల నున్న మెక్లేన్, వెలుపల నున్న పౌవెల్ ఒకరి ముఖమొకరు చూడకయే, కంఠస్వరముమాత్రమున మిత్రులగుదురు. రేడియో వినువారగు మీకు ఈ మైత్రి వింతగా తోపదు. ఈ పౌవెల్ కథయే పతాక.

గర్భసంధి చిత్రమునకు ప్రాణము. నాయకునికి గ్రూబర్ ఎదురుపడును. కాని అతడు బందీలలో నొకడనని నటించును. శత్రువును ఎదుట నుంచుకొని నాయకుడు మాటలాడుచుండగా, ఎరుగునా ఎరుగడా యని ప్రేక్షకులు ఊపిరి బిగబట్టుదురు. నాయకుడు వానిచేతి కిచ్చిన తుపాకిలో గుండ్లు లేవని తెలిసినపుడు హాయిగా నిట్టూర్చెదరు. ఆ హాయి క్షణికము. నాయకుని వట్టికాళ్లు గ్రూబర్ చూచియున్నాడు. పోరు సాగుచుండగా వాడు అద్దములమీద కాల్చుమని అనుచరున కాజ్ఞాపించును. నాయకుడు పగిలిన గాజుపెంకులమీదుగా పరుగెత్తి ప్రాణము దక్కించుకొనును. మొదటి విత్తు ఇచ్చట ముండ్లతో మొలచినది.

అరిస్టాటిలు చెప్పిన విపరీతఫలమును చూడుడు. గ్రూబర్ రాజకీయ తీవ్రవాదుల వేషము వేసికొన్నను నిజమునకు దొంగ. మేడలోని ఖజానాకు ఏడు తాళములు. ఏడవది విద్యుచ్ఛక్తి ఆగిననే కాని తెరువబడదు. వెలుపలి ప్రభుత్వాధికారులు తమ నియమావళి ప్రకారము దొంగలను లొంగదీయుటకై మేడకు విద్యుత్తు నాపుదురు. ఆ యాపుటయే తాళము తీయును. పట్టుకొనవచ్చినవారే ఖజానా తెరచియిచ్చిరి. రెండువేల యేండ్లకు పూర్వము చెప్పిన సూత్రము ఈ ఘట్టమున అక్షరాల కనబడుచున్నది.

అవమర్శమున నాయకుడు ఒంటరిగా కూర్చుండి పాదములనుండి గాజుముక్కలు తీసికొనుచుండును. ఇక బ్రతుకననుకొని, తన భార్యకు క్షమాపణము చెప్పుమని పౌవెల్‌ను రేడియోలో వేడుకొనును. తుపాకులమోతతో నిండిన చిత్రమున అత్యంతబలముగల ఘట్టము ఇదియే. నాయకుడు జయింపవలసినది దొంగలను మాత్రమే కాదు, భార్య యున్నతిని ఓర్వలేని తన మనస్సునుకూడ నని అప్పుడు తెలియును. ఇంతలో ఒక విలేఖరి ప్రసిద్ధికై మెక్లేన్ బిడ్డలను దూరదర్శనమున చూపును. గ్రూబర్ బల్లమీద బోర్లించిన పటమును పైకెత్తి హాలీ యెవ్వరో గ్రహించును. అంతవరకు ఆమెను కాపాడినది కినుకతో చేసిన చిన్నపని.

నిర్వహణమున గ్రూబర్ కిటికీనుండి పడుచు హాలీ చేతిని పట్టుకొని వ్రేలాడును. నాయకుడు గడియారపు పట్టెడ విప్పగనే గడియారముతోకూడ వాడు క్రింద పడును. శాకుంతలమున పోయిన ఉంగరము దొరకుటచే దంపతుల యెడబాటు తీరిన మార్గము కలదు. ఇచ్చట గడియారము పోవుటచే తీరినది. క్రింద గుంపులో మెక్లేన్, పౌవెల్ తొలిసారి ఒకరినొకరు చూచి, ఎవ్వరును పరిచయము చేయకయే గుర్తించుకొందురు. నాయకుడు భార్యను ఆమె పుట్టింటి పేరుతోనే పరిచయము చేయగా, ఆమె తనంతట మెక్లేన్ నని సవరించును. పంట ఇల్లు చేరినది.

ఈ చిత్రము వ్రాసినవారు దశరూపకము చదివిరని నేననను. వారికి ఆ యవసరమే లేదు. వినువాని మనస్సు అచ్చటను ఇచ్చటను ఒక్కటియే కాబట్టి శాస్త్రములు కలిసినవి. ఐనను ఒక మార్పు గమనింపదగినది. దీనికి మూలము రోడరిక్ థార్ప్ 1979లో ప్రకటించిన నవల. అందు నాయకుడు వృద్ధుడు, కాపాడవచ్చినది భార్యను గాక కుమార్తెను. తుదకు ఆ కుమార్తె మరణించును. చిత్రకారులు ఆ విషాదాంతమును సమాగమముగా మార్చిరి. మన నాటకకర్తలు మంగళాంతము నేల కోరిరో దీనివలన కొంత బోధపడును.

విజయము వెంట అనుకరణము వచ్చును. 1992లో యుద్ధనౌకమీద, 1994లో బస్సులో, 1997లో అమెరికా అధ్యక్షుని విమానములో ఇట్టి కథలే నడచినవి. ఓడలో డై హార్డ్, బస్సులో డై హార్డ్ అని జనులు చమత్కరించిరి. అంతకుముందే 1979లో సిడ్ ఫీల్డ్ అను నాతడు, నూటయిరువది పుటల చిత్రకథలో మొదటి ముప్పది పుటలు ఆరంభము, నడుమ అరువది సంఘర్షణము, తుది ముప్పది పరిష్కారము కావలెనని గ్రంథము వ్రాసియుండెను. కొలబద్ద దొరకుట మేలే. కాని కొలబద్ద పట్టుకొన్నవారందరును వడ్రంగులు కారు. విత్తు లేని చేనికి గట్లెంత చక్కగా వేసినను పంట రాదు.

విత్తు గట్టిదైనచో ఈ శాస్త్రము మన భాషలోను ఎంత పనిచేయునో మీరెరుగుదురు. 2015 జూలై 10న విడుదలైన 'బాహుబలి' మొదటిభాగము కథను గర్భముననే ఆపి, కట్టప్ప బాహుబలినేల చంపెనను ప్రశ్నతో ముగిసినది. 2017 ఏప్రిల్ 28న రెండవభాగము వచ్చువరకు రచ్చబండలమీదను, రైళ్లలోను ఆ ప్రశ్నయే వినబడెను. జనులు మరచిపోలేనిది యుద్ధములను కాదు, విడని ముడిని.

ఇక ఈ యెరుక మనకేల యను మాట. నేను పైన పౌవెల్ కథను పతాక యంటిని, దాని సారము చెప్పలేదు. అతడు పూర్వమొకనాడు పొరబాటున పదుమూడేండ్ల బాలుని కాల్చి చంపియున్నాడు. నాటినుండి తుపాకి యెత్తలేక బల్లపనికి మారినాడు. చిత్రాంతమున, చచ్చెననుకొన్న దొంగ యొకడు లేచి మెక్లేన్‌పై గురిపెట్టగా, పౌవెల్ వానిని కాల్చి చంపును. వెనుక మంగళవాద్యమువంటి సంగీతము మ్రోగును. అతని వ్యాధి కుదిరినదని మనము చప్పట్లు కొట్టుదుము.

నేనును మొదట సంతసించితిని. పిదప ఆలోచించితిని. మిత్రుని ప్రాణము కాపాడుట ధర్మమే, సందేహములేదు. కాని ఒక బాలుని మరణమునకు కలిగిన పశ్చాత్తాపము వ్యాధియా? మరియొకని చంపుట దానికి మందా? ఈ ప్రశ్న మనకు ఆ క్షణమున తోపకుండుటకు కారణము కథాసంవిధానమే. విత్తు నాటి, నీరు పోసి, సరియైన వేళకు కోసినందున ఆ ఫలము తీయగా తోచినది. సంధులు చక్కగా కుదిరినంతమాత్రమున ధర్మము కుదిరినట్లు కాదు. బండి గట్టిదని దానిలోని సరకు మంచిదని నమ్మవచ్చునా? రామాయణమున వాలివధను గూర్చి మన పెద్దలు నేటివరకు వాదించుచున్నారు. అంతటి కథకును తప్పని విచారణ ఈ చిత్రములకు తప్పవలసిన పనిలేదు.

ఆ విచారణ చేయదగినవారు మీరే. చిత్రములు మాకు తెలియవని తొలగిపోకుడు. మనుమడు చిత్రము చూచి వచ్చినపుడు కథ చెప్పుమనుడు. మొదట ఏ విత్తు నాటిరి, అది ఎచ్చట ఫలించినది అని యడుగుడు. వాడు ఉత్సాహముతో చెప్పును. పిదప, ఆ ఫలమునకై ఎవ్వరు వెల చెల్లించిరి, ఆ వెల న్యాయమేనా అని యడుగుడు. వాడు కొంచెమాగి ఆలోచించును. పూర్వము పురాణము ముగిసిన పిమ్మట అరుగుమీద జరిగిన సంభాషణ ఇదియే. కథ మారినను ఆ సంభాషణ మాత్రము నిలువవలెనని నా ప్రార్థన.